డిజిటల్ అరెస్ట్ ఫోను రాకముందే ఇంటి పెద్దలను సిద్ధం చేసుకోవడం ఎలా

కాకినాడలో ఉండే మా పెద్దమ్మ 34 ఏళ్లు పిల్లలకు లెక్కలు చెప్పి, ప్రధానోపాధ్యాయురాలిగా పదవీ విరమణ చేసిన మనిషి. వీధిలో ఎవరికి పింఛను కాగితాలు అర్థం కాకపోయినా ఆవిడ దగ్గరికే వస్తారు. అటువంటి ఆవిడ ఒక రోజు ఉదయం పదిన్నర నుంచి మధ్యాహ్నం ఒకటిన్నర దాకా వీధి తలుపు గడియ పెట్టుకుని, సెల్‌ఫోనును కందిపప్పు డబ్బాకు ఆనించి నిలబెట్టి, దాని ఎదుట కుర్చీలో కదలకుండా కూర్చున్నారు. పొయ్యి మీద పాలు పొంగి, గిన్నె మాడి, ఇల్లంతా వాసన కమ్ముకున్నా లేవలేదు. చివరికి లేచి పొయ్యి కట్టేయడానికి కూడా ఫోను తెర మీద యూనిఫాంలో కనిపిస్తున్న మనిషిని అనుమతి అడిగారు.

కరివేపాకు కోసం వచ్చిన పక్కింటి అమ్మాయి తలుపు కొడితే, ఆవిడ గడియ తీయకుండా కిటికీ దగ్గరికి వచ్చి “ఇప్పుడు కాదమ్మా, సాయంత్రం రా” అన్నారట. అన్నేళ్లలో పెద్దమ్మ ఎవరినీ వాకిట్లోనే నిలబెట్టి పంపడం ఆ అమ్మాయి చూడలేదు. ఆ ఒక్క మాటలోని తేడాను పట్టుకుని నాకు ఫోను చేసింది. నేను ఆటో దిగి వెళ్లేసరికి బల్ల మీద రెండు ఫిక్స్‌డ్ డిపాజిట్ రసీదులు, చెక్కు పుస్తకం, ఒక తెల్ల కాగితం మీద ఆవిడ గుండ్రటి దస్తూరీలో రాసుకున్న ఖాతా నంబరు ఉన్నాయి. డబ్బు పోలేదు. కానీ ఆ తర్వాత చాలా రోజులపాటు ఆవిడ నన్ను అడిగింది ఒకే ప్రశ్న: “నేనెలా నమ్మానురా?”

ఆ ప్రశ్నకు నిజాయితీగా జవాబు వెతికితే, ఇంట్లో ఏం చేయాలో కూడా అందులోనే తెలుస్తుంది. పోలీసులమంటూ వీడియో కాల్ చేసి, మీ మీద కేసు ఉందని బెదిరించి, ఇంట్లోనే కదలకుండా కూర్చోబెట్టి డబ్బు కాజేసే ఈ డిజిటల్ అరెస్ట్ మోసం కొత్తదేమీ కాదు. 2024లో మొదటి నాలుగు నెలల్లోనే ఈ ఒక్క రకం మోసంలో దేశంలో 120 కోట్ల రూపాయలకు పైగా పోయినట్లు కేంద్ర హోం శాఖ లెక్కలు చెప్పాయి. ఆ ఏడాది అక్టోబరు 27న ప్రధానమంత్రి తన రేడియో ప్రసంగంలో దీని గురించే హెచ్చరించారు. పెద్దమ్మ ఆ హెచ్చరిక విన్నారు, పత్రికల్లో వార్తలూ చదివారు. ప్రశాంతంగా ఉన్నప్పుడు చదివి తెలుసుకున్న సంగతి భయంలో మునిగిన మనసుకు దానంతట అది గుర్తు రాదు. అందువల్ల హెచ్చరికలు చదివి వినిపించి ఊరుకుంటే సరిపోదని, భయం వేసిన క్షణంలో చేయవలసిన పనిని ముందే నిర్ణయించి అలవాటు చేయాలని నా గట్టి అభిప్రాయం.

ఆ మూడు గంటల్లో మనసుకు జరిగేది

మొదటి దెబ్బ భయానిది. మీ పేరున పంపిన పార్సిల్‌లో మత్తు పదార్థాలు దొరికాయనో, మీ ఆధార్‌తో తెరిచిన ఖాతాలో అక్రమ సొమ్ము తిరిగిందనో వినగానే గుండె వేగం పెరుగుతుంది, నోరు ఎండిపోతుంది, చూపూ ధ్యానమూ ఆ ఒక్క ప్రమాదం మీదకే కుంచించుకుపోతాయి. ఎదురుగా పాము కనిపించినప్పుడు మనిషిని కాపాడేది ఈ ఏర్పాటే. అయితే నింపాదిగా తూచి చూసే శక్తి ఆ కాసేపూ వెనక్కి తగ్గుతుంది. మోసగాడు మాటకు మాటకు మధ్య సందు ఇవ్వకపోవడానికి కారణం అదే; ఆ శక్తి తిరిగి తేరుకునే వ్యవధి దొరికితే అతని పని చెడుతుంది.

రెండోది, అతను చెప్పే వాటిలో కొన్ని నిజాలు ఉంటాయి. ఇంటి చిరునామా, ఆధార్‌లోని చివరి అంకెలు, బ్యాంకు పేరు సరిగ్గా చెబుతాడు. ఇటువంటి వివరాలు ఎక్కడెక్కడి నుంచో బయటికి పొక్కి అమ్ముడుపోతున్న కాలమిది. కానీ వినేవారి మనసు మాత్రం “ఇవన్నీ తెలిసినవాడు మిగతాది కూడా నిజమే చెబుతున్నాడు” అనుకుంటుంది.

మూడోది అధికారం. 1966లో అమెరికాలో హోఫ్లింగ్ అనే మనోవైద్యుడు, ఆయన సహచరులు ఒక పరిశోధన ప్రచురించారు. ఆసుపత్రి వార్డులో డ్యూటీలో ఉన్న నర్సుకు, ఆమె ఎన్నడూ చూడని ఒక డాక్టరు ఫోను చేసి, ఒక రోగికి ఫలానా మందు 20 మిల్లీగ్రాములు ఇవ్వమని చెబుతాడు. గరిష్ఠ మోతాదు 10 మిల్లీగ్రాములేనని డబ్బా మీదే రాసి ఉంది. ఫోనులో చెబితే మందు ఇవ్వకూడదన్నది ఆసుపత్రి నియమం. అయినా 22 మంది నర్సుల్లో 21 మంది మందు తీసుకుని రోగి దగ్గరికి బయలుదేరారు, దారిలో పరిశీలకులు ఆపారు. ఆ మాత్రల్లో ఉన్నది హాని చేయని చక్కెర పదార్థం. చదువుకున్న, అనుభవమున్న, తమ వృత్తి నియమాలు తెలిసిన ఆ నర్సులు ఒక గొంతుకు, దాని వెనక ఉన్న పదవికి లోబడ్డారు. పెద్దమ్మకు ఈ సంగతి చెప్పినప్పుడు ఆవిడ ముఖంలో మొదటిసారి కాస్త తేలిక కనిపించింది.

ఇక్కడ ఒక సూక్ష్మం ఉంది. స్టాన్లీ మిల్‌గ్రామ్ 1960ల ఆరంభంలో యేల్ విశ్వవిద్యాలయంలో చేసిన విధేయత ప్రయోగాల్లో, మరో మనిషికి అంతకంతకూ బలమైన విద్యుత్ షాకులు (నిజానికి అవి ఉత్తుత్తివే) ఇమ్మని అధికారి గదిలోనే ఉండి ఆజ్ఞాపించినప్పుడు 40 మందిలో 26 మంది చివరిదాకా లోబడ్డారు. అదే అధికారి గది వదిలి ఫోనులో ఆదేశాలిచ్చినప్పుడు అలా లోబడినవారు దాదాపు ఐదింట ఒక వంతుకు తగ్గిపోయారు. ఎదుట ఉన్న అధికారానికి ఉన్న బలం దూరాన ఉన్న గొంతుకు ఉండదన్నమాట. వీడియో కాల్ తప్పనిసరి అనడం, యూనిఫాం తొడుక్కోవడం, వెనక గోడకు పోలీసు చిహ్నం తగిలించడం, క్షణం కూడా కెమెరా ముందు నుంచి కదలవద్దనడం వంటివన్నీ ఆ తగ్గిన బలాన్ని తిరిగి తెచ్చుకునే ఉపాయాలేనని నాకు అనిపిస్తుంది. కనుక ఫోను పెట్టేయడమంటే ఆ అధికారిని గదిలోంచి బయటికి పంపడమే.

నాలుగోది, అన్నిటికంటే మెల్లగా పనిచేసేది, చిన్న చిన్న ఒప్పుకోళ్ల వరుస. తొమ్మిది నొక్కండి, కూర్చోండి, తలుపు వేయండి, ఆధార్ కార్డు చూపించండి, జరిగింది ఒక కాగితం మీద రాయండి అని ఒక్కొక్కటే అడుగుతారు. 1966లోనే ఫ్రీడ్‌మన్, ఫ్రేజర్ అనే ఇద్దరు పరిశోధకులు కాలిఫోర్నియాలో ఇళ్లవారిని, జాగ్రత్తగా వాహనం నడపమని చెప్పే పెద్ద వికారమైన బోర్డును మీ ఇంటి ముందు పెట్టనిస్తారా అని అడిగారు. ఊరికే అడిగితే ఒప్పుకున్నవారు 17 శాతం లోపే. రెండు వారాల ముందు అదే విషయం మీద ఒక చిన్న చీటీ అంటించుకోవడానికి సరేనన్నవారిలో 76 శాతం మంది ఒప్పుకున్నారు. మొదటి చిన్న పనికి సరేనన్నాక మనసు తనను తాను “సహకరించే మనిషి”గా చూసుకుంటుంది, ఆ తర్వాతి పెద్ద కోరికను కాదంటే తన మాటకు తానే విరుద్ధంగా పోయినట్లు బాధపడుతుంది.

ఇలా గంట గడిచేసరికి మనసు ఆ కొత్త లోకానికి అలవాటుపడిపోతుంది. కొత్త ఊరికి, కొత్త ఉద్యోగానికి, కొత్త కోడలిగా అడుగుపెట్టిన ఇంటికి సర్దుకుపోయే గుణమే ఇక్కడా పనిచేస్తుంది. మన వంటింట్లో మనం పొయ్యి కట్టేయడానికి పరాయివాడి అనుమతి అడగడం వింతగా తోచని స్థితి వస్తుంది.

రెండో మనిషి లేకపోవడమే అసలు లోటు

నర్సుల పరిశోధనకు కొనసాగింపు ఒకటి ఉంది, నా దృష్టిలో అదే ముఖ్యం. 1977లో ర్యాంక్, జేకబ్‌సన్ అనే ఇద్దరు అటువంటి ప్రయోగాన్నే రెండు ముఖ్యమైన మార్పులతో చేశారు. మందు నర్సులకు బాగా తెలిసినది, పైగా తోటి నర్సులతో మాట్లాడే వీలు వారికి ఉంది. ఈసారి 18 మందిలో 16 మంది ఇవ్వకుండా ఆగిపోయారు. మిల్‌గ్రామ్ ప్రయోగంలోనూ పక్కన కూర్చున్న ఇద్దరు “మేం చేయం” అని లేచినప్పుడు, చివరిదాకా లోబడినవారు 40 మందిలో నలుగురే. విషయం తెలిసి ఉండడం, పక్కన మాట్లాడే మనిషి ఉండడం అనే ఈ రెండింటినీ ఇంట్లో ఏర్పాటు చేయగలిగితే మోసగాడికి మిగిలే చోటు చాలా తక్కువ. “ఈ సంగతి ఎవరికీ చెప్పకూడదు, చెబితే వాళ్లనూ అరెస్టు చేస్తాం” అన్న బెదిరింపు మీదే అతని నాటకం మొత్తం నిలబడి ఉంటుంది.

కాబట్టి మొట్టమొదట రెండో మనిషిని ఎంచుకోండి. అమెరికాలో ఉన్న కొడుకునో కూతురునో ఆ మనిషిగా పెట్టుకోవడం చాలా ఇళ్లలో జరిగే పొరపాటు. ఇక్కడ ఉదయం పదిన్నర అయినప్పుడు డల్లాస్‌లో వేసవిలో సరిగ్గా అర్ధరాత్రి, ఫోను మోగినా వినపడదు. అదే ఊళ్లో ఉండి, పగటిపూట ఫోను ఎత్తి, పావుగంటలో ఇంటికి రాగలిగిన మనిషి కావాలి. పక్కింటివారు కావచ్చు, మేనల్లుడు కావచ్చు, పాత సహోద్యోగి కావచ్చు. మనసు విప్పి మాట్లాడితే తిట్టని మనిషి అయి ఉండడం మరీ అవసరం, ఎందుకంటే తిడతారన్న భయమే చాలామంది నోరు కట్టేస్తుంది. ఆ మనిషికి ఇష్టమేనా అని అడిగి, దూరాన ఉన్న పిల్లలకు కూడా ఆ నంబరు ఇవ్వండి.

ఆ తర్వాత ఒక ఒప్పందం చేసుకోవాలి. “జాగ్రత్తగా ఉంటాను” అన్న మాట అవసరానికి అక్కరకు రాదు. ఫలానాది జరిగితే ఫలానాది చేస్తాను అని పరిస్థితినీ పనినీ ముడివేసుకున్న నిర్ణయాలే ఆచరణలోకి ఎక్కువగా వస్తాయని జర్మన్ మనోవిజ్ఞాన శాస్త్రవేత్త పీటర్ గోల్‌విట్జర్ 1999లో వివరించారు. అందుకని మా పెద్దమ్మ చేత ఇలా రాయించాను: “ఎవరికీ చెప్పవద్దు అని ఎవరైనా అంటే, అదే గుర్తుగా, నేను వెంటనే ఫోను పెట్టేసి పక్కింటి అమ్మాయిని పిలుస్తాను.” మోసం రూపం ఏడాదికోసారి మారుతుంది, పార్సిల్ పోయి సిమ్ కార్డు వస్తుంది, సిమ్ కార్డు పోయి మనవడి ప్రమాదం వస్తుంది. రహస్యంగా ఉంచమన్న షరతు మాత్రం దాదాపు ప్రతిదానిలోనూ ఉంటుంది గనుక ముడి దానికే వేశాం. ఆ కాగితం మీద దస్తూరీ ఆవిడదే ఉండాలని పట్టుబట్టాను. పిల్లలు అచ్చువేసి అంటించిన కాగితం కంటే తాను స్వయంగా రాసుకున్న మాటకు మనిషి ఎక్కువగా కట్టుబడతాడు.

ఫోను పెట్టేయడం మర్యాద కాదనుకునే తరం వారిది. ఎదుటి మనిషి మాట్లాడుతుండగా పెట్టేయడం వారికి చెంప మీద కొట్టినంత పని. అందువల్ల మర్యాదగా పెట్టేయడానికి ఒక వాక్యం కూడా సిద్ధం చేసి ఇవ్వాలి. “మీరు చెప్పదలచుకున్నది నోటీసు రూపంలో ఇంటికి పంపండి, నేను మా స్టేషన్‌కు వెళ్లి మాట్లాడతాను, ఉంటానండీ” అన్నది మేం ఎంచుకున్న మాట. జవాబు కోసం ఆగకూడదని, ఆ తర్వాత అదే నంబరు మళ్లీ మోగినా ఎత్తకూడదని కూడా చెప్పుకున్నాం.

రిహార్సల్

1960ల మొదట్లో విలియం మెక్‌గ్వయిర్ అనే అమెరికన్ పరిశోధకుడు టీకాతో పోల్చి ఒక ఆలోచన ప్రతిపాదించాడు. బలహీనపరచిన వాదనను ముందే వినిపించి దానికి జవాబు చెప్పించితే, తర్వాత అసలు వాదన ఎదురైనప్పుడు మనిషి తట్టుకోగలుగుతాడని ఆయన చూపించాడు. మనం ఇంట్లో చేయవలసింది అదే. ముందుగా చెప్పి, సమయం కుదుర్చుకుని, పది నిమిషాలు మోసగాడిలా మాట్లాడండి. చెప్పకుండా నిజమైన ఫోనులా చేసి పరీక్షించడం మాత్రం ఎన్నడూ చేయవద్దు, గుండె జబ్బు ఉన్నవారికి అది ప్రమాదం, పైగా మీ మీద నమ్మకం పోతుంది. ఆ నమ్మకం మీదే ఈ ఏర్పాటంతా ఆధారపడి ఉంది.

మేం మొదటిసారి చేసినప్పుడు పెద్దమ్మ వాదనలోకి దిగారు. “నేను ఏ పార్సిలూ పంపలేదు, కావాలంటే రసీదు చూపించండి” అంటూ ఒక్కొక్క ఆరోపణకూ జవాబు చెప్పుకుంటూ పోయారు. జవాబు చెబుతున్నంతసేపూ మనిషి ఆ ఆటలోనే ఉంటాడు కదా అని ఆపి చెప్పాను. రెండోసారి, పాత్రలు మార్చి ఆవిడనే మోసగాడిగా మాట్లాడమన్నాను. తరగతి గదిలో గొంతు పెంచిన అలవాటుతో “మీ మీద కేసు ఉంది, కదలకండి!” అని ఆవిడ గద్దించేసరికి, ఆట అని తెలిసినా నా అరచేతులు చెమర్చాయి. ఆ పాత్ర వేశాకే ఆవిడకు అందులోని మలుపులన్నీ కళ్లకు కట్టాయి. ఎక్కడ బెదిరించాలి, ఎక్కడ “మీలాంటి పెద్దమనిషికి ఇలా జరగకూడదు, నేను సాయం చేస్తాను” అని మెత్తబడాలి అన్నది తానే కనిపెట్టారు. అందుకే పాత్రలు మార్చి ఆడించడం మానవద్దని చెబుతాను.

నేర్పవలసిన చట్టం సంగతులు కొన్నే, వాటిని క్లుప్తంగా చెబితే నిలుస్తాయి. భారత చట్టాల్లో డిజిటల్ అరెస్ట్ అనేది లేదు. అరెస్టు చేసిన మనిషిని, ప్రయాణ సమయం పోగా 24 గంటల్లోపు మేజిస్ట్రేటు ముందు హాజరుపరచాలని రాజ్యాంగంలోని 22వ అధికరణం చెబుతుంది; కుర్చీలో కూర్చోబెట్టి ఫోను ముందు కాపలా కాయడం అందులో లేదు. నేర విచారణ పద్ధతిని నిర్దేశించే భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 35వ సెక్షన్ కింద, హాజరు కమ్మని పోలీసులు ఇచ్చే నోటీసును వాట్సాప్‌లో పంపడం చెల్లదని సుప్రీంకోర్టు 2025 జనవరిలో స్పష్టం చేసింది. విచారణ పూర్తయ్యేదాకా మీ డబ్బు మా ఖాతాలో ఉంచండి అని ఏ పోలీసు, ఏ న్యాయస్థానం, ఏ బ్యాంకు ఫోనులో అడగదు. బ్యాంకు విషయంలో ఇంకొక్క పని చేయండి. ఖాతా ఉన్న శాఖకు పెద్దవారిని వెంటబెట్టుకుని వెళ్లి అక్కడి అధికారికి పరిచయం చేసి, హఠాత్తుగా డిపాజిట్లు రద్దు చేయమని వస్తే కూర్చోబెట్టి కారణం అడగమని చెప్పి రండి. హైదరాబాదులో ఇలా సిబ్బంది అనుమానించి అడగడం వల్లే డబ్బు నిలిచిన సందర్భాలు పత్రికల్లో వచ్చాయి.

ఆ ఉచ్చులో ఉన్న మనిషిని బయటికి తేవడం

తలుపులు వేసుకోవడం, గుసగుసగా మాట్లాడడం, గంటల తరబడి ఫోను బిజీగా ఉండడం, అలవాటైన మర్యాద తప్పడం కనిపిస్తే వెంటనే వెళ్లండి. వెళ్లాక “ఇది మోసం, మీకా మాత్రం తెలియదా” అని అరవడం వల్ల పని జరగదు. ఆ క్షణంలో ఆ మనిషి తాను చట్టానికి లోబడి నడుచుకుంటున్నానని, పిల్లలను కాపాడుతున్నానని నమ్ముతున్నారు. మీ అరుపు వారికి ఆ పనికి అడ్డుపడే మాటగా వినిపిస్తుంది. నేను పెద్దమ్మతో వాదించలేదు. పక్కన కూర్చుని, చేయి పట్టుకుని, “పోలీసుల సంగతి అయితే మన టౌన్ స్టేషన్‌కే ఇద్దరం వెళ్దాం పెద్దమ్మా, అక్కడే అన్నీ రాసిద్దాం, నేనూ నీతోపాటు ఉంటాను” అన్నాను. చట్టానికి లోబడాలన్న ఆవిడ కోరికను తోసిపుచ్చకుండా, దానికి నిజమైన దారి చూపించడమే ఉద్దేశం. అంతసేపూ తెర మీది మనిషి కేకలు వేస్తూనే ఉన్నాడు. ఆవిడే చేయి చాపి ఫోను బోర్లించారు, అప్పుడు నేను స్విచాఫ్ చేశాను.

తర్వాత మంచినీళ్లు ఇచ్చి, జరిగింది మొదటి నుంచీ నోటితో చెప్పమనండి. మధ్యలో తప్పులు ఎత్తి చూపవద్దు. వరుసగా బయటికి చెప్పుకుంటున్నప్పుడే, లోపల అతుక్కున్నట్లు కనిపించిన కథలో పగుళ్లు వారికే తెలుస్తాయి. “పార్సిల్ ముంబయిలో దొరికిందన్నాడు, మరి నేను ఎక్కడి నుంచి పంపానని అడగలేదే” అని పెద్దమ్మ తనంతట తానే ఆగిపోయారు. చెప్పించడానికి మాకు అరగంట పట్టింది, మరికొందరికి ఒక పూట పట్టవచ్చు. ఆ రోజు వారిని ఇంట్లో ఒంటరిగా వదలకండి.

డబ్బు వెళ్లిపోయి ఉంటే మాత్రం ఇవన్నీ పక్కనపెట్టి ముందు సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోను చేయండి. ఆ సొమ్ము చేరిన ఖాతాలోంచి మరో ఖాతాకు పాకేలోపే స్తంభింపజేయడం ఆ వ్యవస్థ పని, కనుక ప్రతి నిమిషమూ విలువైనదే. లావాదేవీ నంబరు, సమయం, మొత్తం, డబ్బు చేరిన ఖాతా వివరాలు చేతిలో ఉంచుకోండి, బ్యాంకుకు కూడా చెప్పండి, cybercrime.gov.in వెబ్‌సైట్‌లో ఫిర్యాదు నమోదు చేయండి. సిగ్గుతో వాట్సాప్ సంభాషణలు, కాల్ వివరాలు చెరిపేయనివ్వకండి, అవే సాక్ష్యం. డబ్బు పోకపోయినా, ఫోను వచ్చిన సంగతిని కేంద్ర టెలికాం శాఖ సంచార్ సాథీ వెబ్‌సైట్‌లోని చక్షు విభాగంలో తెలియజేయవచ్చు.

కొన్ని వారాలు గడిచాక మరో ఫోను రావచ్చు. ఫలానా విభాగం నుంచి మాట్లాడుతున్నామని, పోయిన డబ్బు దొరికిందని, కొద్దిపాటి రుసుము కడితే తిరిగి ఇస్తామని చెబుతారు. మొదటిసారి భయపెట్టినవారు ఈసారి ఆశ పెడతారు, దెబ్బతిన్న మనిషి ఆ ఆశకు సులువుగా చేయి చాపుతాడు. దీనిని కూడా రిహార్సల్‌లో చేర్చుకోండి. మేం ప్రతి నెలా రెండో ఆదివారం కాఫీ తర్వాత పది నిమిషాలు దీనికే కేటాయించాం. పోయిన నెలలో పక్కింటి అమ్మాయి రుసుము అడిగే ఆఫీసరుగా మాట్లాడింది, పెద్దమ్మ రెండో వాక్యానికే “ఉంటానండీ” అని ఫోను పెట్టేశారు.